పునీతుడొక్కరే, పండుగ తేదీలు రెండు

క్లుప్తంగా: పాదువాపురి అంతోనివారి (సెయింట్ ఆంథోనీ) పేరున్న చర్చిలు పక్కపక్క ఊళ్లలోనే ఉన్నా, ఒక ఊళ్లో పండుగ జూన్ 13న, ఇంకో ఊళ్లో సంక్రాంతి దాటాక ఒక ఆదివారం జరగవచ్చు. ఇది ఎవరి పొరపాటూ కాదు. పీఠం మీద జరిగే పూజ తేదీ రోమ్ పంచాంగం ప్రకారం ఖరారవుతుంది. తేరు, దావత్, చుట్టాల రాక మాత్రం పంటలను, ఈస్టర్ ముందటి నలభై రోజుల తపస్సు కాలాన్ని, సెలవులను చూసుకుని జరుగుతాయి. దక్షిణ తెలంగాణ పల్లెల్లో ఈ రెండు లెక్కలూ ఎలా నడుస్తున్నాయో, ఎక్కడ ఢీకొంటున్నాయో ఈ వ్యాసం వివరిస్తుంది.

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ వైపు కతోలిక చర్చి ఉన్న ఊరికి చుట్టపుచూపుగా వెళ్లినవాళ్లు తరచూ ఒక అయోమయంలో పడతారు. గోడమీద వేలాడే చర్చి క్యాలెండరులో పునీతుడి (సెయింట్) పండుగ ఒక తేదీన ఉంటుంది. ఇంటివాళ్లు పిలిచింది మరో తేదీకి. పక్కనే ఉన్న ఇంకో క్రైస్తవ కుటుంబం తమకు అలాంటి పండుగే లేదంటుంది. మూడు మాటలూ నిజమే. ఎందుకో తెలియాలంటే ముందు ఆ తేదీ ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి.

చనిపోయిన రోజే పండుగ

పునీతుల పండుగలు ఎక్కువగా వాళ్లు కన్నుమూసిన తేదీల్లోనే వస్తాయి. శ్రీరామనవమి, కృష్ణాష్టమి లాంటి పుట్టినరోజు పండుగలకు అలవాటుపడ్డ వాళ్లకు ఇది కొత్తగా ఉంటుంది. చనిపోయిన తిథి అంటే మన దగ్గర తద్దినం. అది ఇంటివరకే ఉంటుంది, ఊరంతా దీపాలు పెట్టుకునే రోజు కాదు.

ఈ ఆచారానికి మూలం రోమన్ల కాలంలో ఉంది. రెండో శతాబ్దంలో స్ముర్నా నగరంలో, అంటే నేటి టర్కీలోని ఇజ్మీర్‌లో, పొలికార్పు అనే వృద్ధ పీఠాధిపతిని (బిషప్‌ను) విశ్వాసం వదలనందుకు చంపేశారు. ఆయన ఎముకలను భద్రంగా దాచామని, ఆయన ప్రాణం ఇచ్చిన రోజును పుట్టినరోజుగా ఏటా కలుసుకుని జరుపుకుంటామని అక్కడి సంఘం ఒక లేఖలో రాసింది. భూమి మీద మరణించిన రోజు పరలోకంలో పుట్టినరోజు అన్నమాట. మొదట హతసాక్షుల, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాళ్ల, సమాధుల దగ్గర మొదలైన ఈ పద్ధతి తర్వాత మిగతా పునీతులకూ పాకింది. అంతోనివారు 1231 జూన్ 13న ఇటలీలోని పాదువా దగ్గర చనిపోయారు. ఫ్రాన్సిస్ శౌరివారు 1552 డిసెంబరు 3న చైనా తీరంలోని ఒక దీవిలో కన్నుమూశారు. మదర్ థెరెసా 1997 సెప్టెంబరు 5న పోయారు. ఈ ముగ్గురి పండుగలూ ఆ తేదీల్లోనే వస్తాయి.

పుట్టినరోజును పండుగగా జరుపుకునేది ముగ్గురికే. ఒకటి క్రీస్తు జననం. రెండోది సెప్టెంబరు 8న మరియమాత జననం, వేళాంగణి పండుగ ముగిసేది ఆ రోజునే. మూడోది జూన్ 24న బాప్తిస్త యోహాను జననం. ఇంకొందరికి వీలును బట్టి వేరే తేదీ పెడతారు. పోపు రెండో జాన్ పాల్ 2005 ఏప్రిల్ 2న చనిపోయారు. ఆ తేదీ చాలా ఏళ్లు తపస్సు కాలంలోనో పాస్కా (ఈస్టర్) వారంలోనో పడుతుంది కాబట్టి, 1978లో ఆయన బాధ్యతలు మొదలుపెట్టిన అక్టోబరు 22ను పండుగగా పెట్టారు.

ఈ ప్రాంతం వాళ్లకు ఇదంతా సులువుగా అర్థమయ్యే పోలిక ఒకటి ఉంది. దర్గాల ఉర్సు. ఉర్సు అంటే అరబ్బీలో పెళ్లి. మహనీయుడు దేవుణ్ణి చేరుకున్న రోజును, అంటే చనిపోయిన రోజును, పెళ్లిరోజులా జరుపుతారు. సూర్యాపేట జిల్లా జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు కులమతాలతో పని లేకుండా జనం వెళ్తారు. మరణాన్ని ఒకరు పెళ్లి అన్నారు, ఇంకొకరు పుట్టుక అన్నారు.

క్యాలెండరులో చోటు ఎలా దొరుకుతుంది

కతోలిక సంఘం పునీతులుగా గుర్తించినవాళ్లు వేలల్లో ఉంటారు. ఏడాదికి ఉన్నవి 365 రోజులే. అందుకే అందరికీ అన్ని దేశాల క్యాలెండరులో చోటు ఉండదు. తొలి శతాబ్దాల్లో ఎవరిని పునీతులుగా గౌరవించాలో ఆయా ప్రాంతాల ప్రజలు, పీఠాధిపతులే తేల్చుకునేవాళ్లు. పోపు అధికారికంగా ప్రకటించినట్టు రికార్డు ఉన్న మొదటి పునీతుడు జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ పీఠాధిపతి ఉల్రిక్, 993లో. ఆ తర్వాత ఈ అధికారం మెల్లగా పూర్తిగా రోమ్ చేతికి వెళ్లింది. సాధారణంగా ముందు ధన్యులుగా, తర్వాత పునీతులుగా రెండు మెట్లలో ప్రకటిస్తారు. ధన్యుల పండుగ వాళ్ల ప్రాంతానికో, మఠానికో పరిమితం. కేరళకు చెందిన అల్ఫోన్సమ్మను 2008లో, కన్యాకుమారి ప్రాంతపు దేవసహాయం పిళ్ళైని 2022లో పునీతులుగా ప్రకటించారు.

క్యాలెండరులోకి ఎక్కాక అన్ని రోజులకూ ఒకే స్థాయి ఉండదు. పై మెట్టు మహోత్సవం, దాని కింద పండుగ, ఆ కింద స్మరణ. స్మరణల్లోనూ తప్పనిసరివి కొన్ని, గురువు (ఫాదర్) ఇష్టానికి వదిలేసినవి కొన్ని. దేశాన్ని బట్టి కూడా ఇది మారుతుంది. ఫ్రాన్సిస్ శౌరివారి రోజు ప్రపంచానికి స్మరణ మాత్రమే, భారతదేశంలో మాత్రం పెద్ద పండుగ. అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఇంకొకటి ఉంది. ఏ చర్చి ఏ పునీతుడి పేరుతో ఉందో, ఆ చర్చిలో ఆయన రోజు మహోత్సవం అవుతుంది. లోకమంతటికీ చిన్న స్మరణగా గడిచిపోయే రోజు ఒక్క పల్లెలో ఏడాదికల్లా పెద్ద పండుగ కావడానికి కారణం ఇదే.

ఇప్పుడున్న క్రమం 1969లో పోపు ఆరో పాల్ చేసిన సంస్కరణ. 1970 జనవరి 1 నుంచి అమలైంది. ప్రతి రోజూ ఎవరో ఒక పునీతుడితో నిండిపోయి ఆదివారానికి, తపస్సు కాలానికి విలువ తగ్గుతోందన్నది దాని వెనుక ఆలోచన. చరిత్ర ఆధారాలు బలంగా లేని కొందరిని ప్రపంచ క్యాలెండరు నుంచి తీసి, స్థానికంగా జరుపుకోవచ్చని వదిలేశారు. ప్రయాణికుల పునీతుడు క్రిస్టఫర్, ఫిబ్రవరి 14 వాలెంటైన్ అలాంటివాళ్లే. వాళ్లను పునీతుల జాబితా నుంచే కొట్టేశారని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. అందరూ జరపాల్సిన రోజుల నుంచి మాత్రమే తీసేశారు. తోమా అపొస్తలుడి రోజు డిసెంబరు 21 నుంచి జూలై 3కు మారిందీ ఆ సంస్కరణలోనే.

తేదీ పక్కకు జరిగేది ఎప్పుడు

పునీతుల తేదీలు సూర్యమానం ప్రకారం ఉంటాయి. పాస్కా, అంటే ఈస్టర్, వసంత విషువత్తు దాటాక వచ్చే పున్నమి తర్వాతి ఆదివారం. ఒకటి ఇంగ్లిషు తేదీలాగా కదలదు, రెండోది తిథిలాగా కదులుతుంది. ఇవి రెండూ ఒకే గోడమీద ఉన్నప్పుడు గుద్దుకోక తప్పదు. అలాంటప్పుడు తపస్సు కాలపు ఆదివారాలకు, ఈస్టర్ ముందటి పవిత్ర వారానికే పెద్దపీట. 2023లో మార్చి 19 తపస్సు కాలపు ఆదివారం అయింది, యోసేపువారి మహోత్సవం మర్నాడు సోమవారానికి వెళ్లింది. 2024లో మార్చి 25 పవిత్ర వారంలో పడింది, ఆ రోజు రావాల్సిన మంగళవార్త పండుగ (మరియమాతకు దేవదూత క్రీస్తు జననవార్త చెప్పిన రోజు) ఏప్రిల్ 8 వరకు ఆగింది.

ఇది రోమ్ చేసే మార్పు. ఊరు చేసే మార్పుకు కూడా 1969 నాటి క్యాలెండరు నియమావళిలోనే దారి ఉంది. దాని 58వ అంశం ప్రకారం, వారం మధ్యలో వచ్చే పండుగ పట్ల జనానికి ప్రత్యేకమైన భక్తి ఉండి, ఆ పండుగ స్థాయి ఆదివారం కంటే పైదైతే, దాన్ని సామాన్య కాలపు, అంటే ప్రత్యేక కాలాలేవీ లేని రోజుల, ఆదివారాన జరపవచ్చు. ఊరి చర్చి పాలక పునీతుడి రోజు ఆ చర్చికి మహోత్సవం కనుక ఈ వెసులుబాటు వర్తిస్తుంది. అయితే క్రిస్మస్ ముందటి ఆగమన కాలం, తపస్సు కాలం, పాస్కా కాలాల ఆదివారాలకు ఇది పనికిరాదు.

అంతోనివారు వచ్చేది మృగశిర కార్తెలో

అసలు కథ ఇక్కడ ఉంది. జూన్ 13 దక్షిణ తెలంగాణలో ఎలాంటి రోజు? మృగశిర కార్తె జూన్ మొదటి వారం చివర్లో వస్తుంది. తొలకరి పడిందంటే మునుగోడు, దేవరకొండ, నాగర్‌కర్నూల్, కల్వకుర్తి వైపు మెట్ట రైతు పత్తి విత్తనాల హడావిడిలో ఉంటాడు. చేతిలో ఉన్న డబ్బు విత్తనాలకు, ఎరువులకు పోతుంది. అదే వారంలో బడులు తెరుస్తారు, పిల్లల పుస్తకాలు, ఫీజుల టెన్షన్ ఒకటి. వాన ఎప్పుడు పడుతుందో తెలియదు, టెంటు వేసే ధైర్యం ఉండదు. అలాంటప్పుడు ఇంటికి యాభై మంది చుట్టాలను పిలిచి యాట కోయడం అయ్యే పని కాదు.

అదే జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో అయితే లెక్క వేరు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు సాగర్ ఎడమ కాలువ కింద వానాకాలం వడ్లు అమ్ముడై ఉంటాయి. యాసంగి నాట్లు చాలామటుకు పడి ఉంటాయి. మెట్టలో పత్తి ఏరడం చివరికి వస్తుంది. ఎండలు ముదరవు, వాన భయం లేదు. ఈ కాలాన్ని ఇష్టపడేది కతోలికులు మాత్రమే కాదు. చెర్వుగట్టు జడల రామలింగేశ్వరుడి ఉత్సవాలు, రెండేళ్లకోసారి వచ్చే దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర మాఘమాసంలోనే జరుగుతాయి. ఇంకా గట్టి సాక్ష్యం జాన్‌పహాడ్ ఉర్సు. హిజ్రీ ఏడాది ఇంగ్లిషు ఏడాది కంటే దాదాపు 11 రోజులు చిన్నది. ఆ లెక్కన నడిచే పండుగ ఏటేటా వెనక్కి జరుగుతూ అన్ని రుతువులూ తిరగాలి. ఈ ఉర్సు మాత్రం ఏటా జనవరిలోనే జరుగుతుంది. మతం ఏదైనా ఈ నేలమీద జాతర పెట్టేది కోతలను చూసుకునే.

కాబట్టి అంతోనివారి పండుగను జనవరి, ఫిబ్రవరిలోకి తెచ్చుకున్న ఊళ్లకు బలమైన కారణమే ఉంది. నియమాల వైపు నుంచి చూస్తే మాత్రం ఒక చిక్కు వస్తుంది. 58వ అంశం ఉద్దేశం వారం మధ్యలోని రోజును దగ్గరి ఆదివారానికి తేవడం. దాన్ని నాలుగైదు నెలల దూరానికి సాగదీయడం కష్టం. ఇక్కడ ఊళ్లకు ఆసరాగా నిలిచేవి వేరే ఉన్నాయి. చర్చిని ప్రతిష్ఠించిన రోజు వార్షికోత్సవానికి కూడా ఆ చర్చిలో మహోత్సవ స్థాయి ఉంది. చర్చి ఏ నెలలో కట్టి ఆశీర్వదించారో ఆ నెలలోనే పండుగ చేసుకుంటే ఎవరూ కాదనరు. అంతోనివారికి ఫిబ్రవరిలో కూడా ఒక రోజు ఉంది. 1263లో ఆయన సమాధి తెరిచినప్పుడు నాలుక చెడకుండా ఉందని చెబుతారు. ఆ నాలుకను, అవశేషాలను మార్చిన రోజును తలచుకుంటూ పాదువాలో ఫిబ్రవరి 15 ప్రాంతంలో ఇప్పటికీ పండుగ చేస్తారు. ఇవి కాక, జనవరి 17న వచ్చే అంతోనివారు అసలు వేరే మనిషి. ఆయన నాలుగో శతాబ్దంలో చనిపోయిన ఈజిప్టు ఎడారి తపస్వి. పేరు ఒకటే కావడంతో ఇద్దరినీ కలిపేసుకోవడం మామూలే. చేతిలో బాలయేసు, లిల్లీ పువ్వు ఉంటే పాదువా అంతోనివారు. గడ్డంతో, కర్రతో, పక్కన పందితో ఉంటే ఈజిప్టు అంతోనివారు.

చివరికి చాలాచోట్ల జరిగేది సర్దుబాటు. జూన్ 13న ఫాదర్ వచ్చి పూజ చేస్తారు. ఆ రోజు కొవ్వొత్తులు, ప్రార్థన, పిల్లలకు పంచే రొట్టెలతో సరిపెడతారు. పెద్ద పండుగ మాత్రం ఊరు పెట్టుకున్న ఆదివారానికే. విచారణ కింద ఉన్న ఊళ్లన్నీ ఒకే ఆదివారం పెట్టుకుంటే గురువులు సరిపోరు కనుక, ఊళ్ల మధ్య తేదీలు పంచుకోవడం కూడా దీనిలో భాగమే. (విచారణ అంటే ఒక గురువు బాధ్యతలో ఉండే కొన్ని ఊళ్ల సముదాయం. విచారణలన్నీ కలిస్తే మేత్రాసనం. నల్లగొండ మేత్రాసనం 1976లో ఏర్పడింది.)

ఈ ఆదివారాలు కూడా ఏటా ఒకే లెక్కన దొరకవు. సంక్రాంతి రోజుల నుంచి, తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం లోపు వాడుకోదగ్గ ఆదివారాలు 2025లో 7 వచ్చాయి. 2026లో 5. 2027లో విభూది బుధవారం ఫిబ్రవరి 10నే వస్తుంది, కాబట్టి 4 మాత్రమే మిగులుతాయి. అది దాటితే నలభై రోజుల తపస్సు. ఎన్నో ఇళ్లలో ఆ రోజుల్లో మాంసం ముట్టరు, పెళ్లి బాజాలు మోగవు.

యోసేపువారి పేరున్న చర్చిలకు ఈ ఇబ్బంది ఎక్కువ. మార్చి 19 దాదాపు ప్రతి ఏటా తపస్సు కాలంలోనే పడుతుంది. పోపు పన్నెండో పయస్ 1955లో మే 1ని శ్రామిక యోసేపు దినంగా ప్రకటించడం ఈ చర్చిలకు తెలియకుండానే మేలు చేసింది. మే నెల ఎండ మాట నిజమే కానీ యాసంగి కోతలు అయిపోయి ఉంటాయి, బడులకు సెలవులు. వలస కూలికి పోయిన పాలమూరు కుటుంబాలు సొంతూళ్లకు చేరుకునే రోజులు కూడా అవే.

జెండా, నవదినాలు, తేరు

పండుగకు తొమ్మిది రోజుల ముందు పునీతుడి బొమ్మ ఉన్న జెండా ఎగురవేస్తారు. ఆ సాయంత్రం నుంచి నవదిన ప్రార్థనలు మొదలవుతాయి. తొమ్మిది అనే అంకె బైబిలు నుంచి వచ్చింది. క్రీస్తు మోక్షారోహణం తర్వాత శిష్యులు, మరియమాత పవిత్రాత్మ రాక కోసం ప్రార్థనలో గడిపిన రోజులు తొమ్మిదని లెక్క. ధ్వజారోహణంతో మొదలై రథోత్సవానికి చేరే బ్రహ్మోత్సవాలను, తొమ్మిది రోజుల బతుకమ్మను చూసిన కళ్లకు ఈ వరస కొత్తగా అనిపించదు. ఒకదాన్ని చూసి ఇంకొకటి పుట్టిందని చెప్పడం మాత్రం సరికాదు. ఐరోపాలో కూడా నవదినాలు, స్వరూపాల (విగ్రహాల) ఊరేగింపులు పాతవే. రూపంలో అరువు కనిపించేది తేరు అలంకరణలో, డప్పుల్లో, కొబ్బరికాయల్లో, తలనీలాల మొక్కులో. 1969 ఏప్రిల్‌లో రోమ్ భారతదేశ సంఘానికి 12 మార్పులను అనుమతించింది. పూజలో హారతి, నూనె దీపం, చేతులు జోడించి నమస్కరించడం అలా అధికారికంగా లోపలికి వచ్చాయి. కొబ్బరికాయ, తలనీలాలు ఆ జాబితా చూసి మొదలైనవి కావు. జనం ఎవరినీ అడగకుండా తెచ్చుకున్నవి.

వీటన్నిటినీ ఒకేచోట చూడాలంటే విజయవాడ గుణదల వెళ్లాలి. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో లూర్దుమాత ఉత్సవాలకు నల్లగొండ, ఖమ్మం వైపు నుంచి బస్సుల్లో, ట్రాక్టర్లలో, కాలినడకన కూడా వెళ్తారు. 1858 ఫిబ్రవరి 11న ఫ్రాన్సులోని లూర్దులో బెర్నదెత్ అనే బాలికకు మరియమాత కనిపించిందన్న విశ్వాసం ఆ తేదీకి మూలం. గుణదల గుహలో స్వరూపాన్ని 1924లో ఇటలీ నుంచి వచ్చిన మిషనరీ ఫాదర్ అర్లాటి నెలకొల్పారు.

మొక్కుల గురించి సంఘం బోధన ఒక గీత గీస్తుంది. ఆరాధన దేవునికే, పునీతులకు గౌరవం మాత్రమే. మన కోసం దేవుణ్ణి వేడుకోమని వాళ్లను అడగడం. 787లో జరిగిన రెండో నికయా మహాసభ ఈ తేడాను స్పష్టం చేసింది. వాడుక తెలుగులో 'మొక్కు' అనే ఒక్క మాటే రెండింటికీ సరిపోతుంది కాబట్టి బయటివాళ్లకు ఆ గీత కనిపించదు.

పక్క చర్చిలో ఎందుకు ఉండదు

దక్షిణ తెలంగాణలో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన చరిత్ర ఉంది. మహబూబ్‌నగర్, గద్వాల, వనపర్తి, జడ్చర్ల, దేవరకొండ వైపు క్రైస్తవుల్లో మెన్నొనైట్ బ్రదరెన్, బాప్టిస్టు సంఘాలవాళ్లు చాలామంది. రష్యాలో స్థిరపడ్డ మెన్నొనైట్లు పంపిన మిషనరీలు 19వ శతాబ్దం చివర్లో నల్లగొండకు వచ్చారు. జడ్చర్లలోని ఎం.బి. ఆసుపత్రి ఆ సంప్రదాయానిదే. మెన్నొనైట్ల మూలాలు 16వ శతాబ్దపు ఐరోపా సంస్కరణలో ఉన్నాయి. వాళ్లకు పేరు ఇచ్చిన మెన్నో సైమన్స్ స్వయంగా కతోలిక గురువుగా ఉండి 1536లో బయటికి వచ్చినవాడు. స్వరూపాలు, పునీతుల మధ్యవర్తిత్వం, వాళ్ల పేరున పండుగలు ఆ సంఘాలు మొదటి నుంచీ వద్దనుకున్నవే. కాబట్టి ఒకే వాడలో ఒక ఇంట్లో 'తపస్సు కాలం' అంటారు, ఇంకో ఇంట్లో 'శ్రమల దినాలు' అంటారు. ఒకరికి పాస్కా, ఇంకొకరికి ఈస్టర్. పండుగ లేదని వాళ్లు చెప్పేది భక్తి తక్కువై కాదు.

ఇద్దరినీ దగ్గర చేసేది సమాధుల పండుగ. కతోలికులకు నవంబరు 1 సకల పునీతుల పండుగ, 2వ తేదీ మృతుల స్మరణ. 2వ తేదీని సుమారు 998లో ఫ్రాన్సులోని క్లూనీ మఠాధిపతి ఒదిలో తన మఠాల్లో మొదలుపెట్టారు. సమాధులు కడిగి, సున్నం వేసి, బంతిపూలు, కొవ్వొత్తులు పెడతారు. మిగతా సంఘాల్లో కొన్ని కుటుంబాలు ఇదే పనిని ఈస్టర్ తెల్లవారుజామున చేస్తాయి. ఊళ్లో మిగతావాళ్లు పెద్దలను తలచుకునే పెత్రమాస నవంబరుకు కొన్ని వారాల ముందే వెళ్లి ఉంటుంది.

పేర్లలో మిగిలిన పునీతులు

తేదీలు మారినా, చర్చి దూరమైనా పునీతులు పేర్లలో ఉండిపోయారు. శౌరయ్య, శౌరెడ్డి అంటే ఫ్రాన్సిస్ శౌరివారి పేరు. ఇన్నయ్య, ఇన్నారెడ్డి అంటే ఇన్నాసి, ఇగ్నేషియస్. రాయప్ప పేతురు, చిన్నప్ప పౌలు, జోజప్ప యోసేపు. లూర్దమ్మ, ఆరోగ్యమ్మ మరియమాత పేర్లు. వీటిలో చాలావాటికి తమిళ వాసన ఉంది. 18వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచి జెస్యూయిట్లు పుదుచ్చేరి వైపు నుంచి తెలుగు నేలకు రావడమే దానికి కారణం. ఆ పేర్లు గుంటూరు సీమ చేరి, అక్కడి నుంచి వచ్చి స్థిరపడ్డ రైతు కుటుంబాలతో సాగర్ ఆయకట్టు ఊళ్లకు కూడా వచ్చాయి. తన పేరున్న పునీతుడి రోజును నామహేతుక పండుగ అంటారు. ఆ రోజును గుర్తుపెట్టుకునేది ఇప్పుడు ఎక్కువగా గురువులు, మఠకన్యలు మాత్రమే. పేరు మాత్రం ఆధార్ కార్డు దాకా వచ్చింది.

ఇకముందు ఏం మారవచ్చు

ఊరు తేదీ మార్చుకునే కారణం మెల్లగా మారుతోంది. ఇంతకుముందు అది పంట. ఇప్పుడు అంతకంటే ఎక్కువగా హైదరాబాదు. ఉప్పల్, ఎల్బీనగర్ వైపు ఉద్యోగాలు చేసుకునే పిల్లలు శనివారం రాత్రి వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్లాలి. పునీతుల రోజులకు ప్రభుత్వ సెలవు లేదు. తెలంగాణలో క్రైస్తవ పండుగలకు సెలవులు గుడ్ ఫ్రైడేకు, క్రిస్మస్‌కు, దాని మర్నాడుకు మాత్రమే. కాబట్టి ఆదివారం వైపు లాగుడు ఇంకా పెరుగుతుంది. దీనివల్ల జనం నిండుగా వస్తారు, చందాలు వస్తాయి, తేరు మోయడానికి భుజాలు దొరుకుతాయి. నష్టం కూడా ఉంది. జూన్ 13 చిన్న పూజగా మిగిలిపోతే, అది ఒక మనిషి చనిపోయిన రోజన్న సంగతి రెండో తరానికి అందదు. నవదినాల్లో చివరి మూడు రోజులే మిగలడం కూడా ఈ తొందరలో భాగమే. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. తేరు వెనుక నడిచే పిల్లవాడికి ఆ స్వరూపం ఎవరిదో, ఎందుకు ఆ రోజో చెప్పే చోటు ఆ తొమ్మిది సాయంత్రాలే.

దగ్గర్లోనే ఒక పరీక్ష ఉంది. 2027లో విభూది బుధవారం గుణదల ఉత్సవాల రెండో రోజున, ఫిబ్రవరి 10న వస్తుంది. ఆ రోజు 18 నుంచి 59 ఏళ్ల మధ్య వాళ్లకు ఉపవాసం, 14 దాటిన అందరికీ మాంసం నిషేధం. 2016లోనూ ఇలాగే పడింది. నల్లగొండ వైపు నుంచి బయలుదేరే యాత్రికులు ఆ బుధవారం నుదుట విభూది, చేతిలో కొబ్బరికాయతో కొండ ఎక్కాల్సి ఉంటుంది. సొంతూళ్లో పండుగ పెట్టుకునే వాళ్లు ఆ ఏడాది దొరికే నాలుగు ఆదివారాలను, అంటే జనవరి 17, 24, 31, ఫిబ్రవరి 7లను, ముందుగానే తమ విచారణలో రాయించుకోవాలి.